దాచిన కత్తికే తుప్పెందుకు?

ప్రశ్న: మా జేజినాయన మంగలికత్తి ఇనప్పెట్టె అడుగున దొరికింది. చాలా ఏళ్లుగా ఎవరూ వాడలేదు. గుడ్డలో చుట్టి, రేకు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను పెట్టెలో పెట్టి భద్రంగా దాచారు. తీసి చూస్తే అలుగంతా తుప్పు. చూరుకు వేలాడే కొడవలికి కూడా అంత తుప్పు లేదు. దాచినదానికే ఎందుకు పట్టింది? పిడి కూడా చీలికలు చీలికలుగా ఉంది, ఏదో ఘాటు వాసన వస్తోంది.
– ఏడో తరగతి విద్యార్థిని, పెద్దమండ్యం

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలో రెండు బాధలున్నాయి. అలుగుకు తుప్పు పట్టిందన్నది ఒకటి, పిడి చీలిందన్నది ఇంకొకటి. రెండోదాన్ని చివర్లో, పనిలో పనిగా రాశావు. అసలు సంగతి అక్కడే ఉంది. నువ్వు రాసిన గుర్తులన్నీ కలిపి చూస్తే, పిడి పాడైంది కాబట్టే అలుగుకు తుప్పు పట్టిందనిపిస్తోంది. భద్రంగా దాచారు కాబట్టే ఇంతగా పట్టింది. వినడానికి తిరకాసుగా ఉంటుంది కనక మొదటినుంచి, నీ కొడవలి దగ్గర్నుంచే వద్దాం.

ఇనుముకు తుప్పు పట్టాలంటే రెండు కావాలి. గాలిలోని ఆక్సిజన్ ఒకటి, నీళ్లు ఇంకొకటి. కాచి చల్లార్చిన నీళ్లలో మేకు వేసి పైన నూనె పోస్తే ఎన్నాళ్లకూ తుప్పు పట్టదని బళ్లో చూపించే ఉంటారు. అక్కడ నీళ్లున్నాయి, గాలి లేదు. నీళ్లంటే బిందెడు అక్కర్లేదు. గాలిలో ఆవిరి ఎక్కువగా ఉంటే, ఇనుము మీద కంటికి కనపడనంత పలచగా నీటిపొర ఏర్పడుతుంది. తుప్పు పని మొదలుపెట్టడానికి అది చాలు. గాలిలో తేమ సుమారు అరవై శాతం దాటితే ఆ పని జోరందుకుంటుంది, అంతకు తగ్గితే నెమ్మదిస్తుంది. ఆ పొరలో కాస్త ఉప్పు గానీ పులుపు గానీ కలిస్తే ఇక చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ ఊరి గాలి తలచుకో. పెద్దమండ్యం, తంబళ్లపల్లె, మొలకలచెరువు వైపు వాన తక్కువ. ఏడాదిలో ఎక్కువ నెలలు పొడిగాలే. మచిలీపట్నంలోనో కాకినాడలోనో అయితే సముద్రపు ఉప్పుగాలి కిటికీ ఊచలను కూడా తినేస్తుంది. మీ దగ్గర ఆ బెడద లేదు. పైగా కొడవలికి రోజూ పని ఉంటుంది. గడ్డి కోసినప్పుడల్లా దాని ఒళ్లు ఒరుసుకుంటుంది, సానరాయి మీద నూరినప్పుడల్లా లేచిన తుప్పు రాలిపోతుంది. అందుకే చూరుకు వేలాడుతున్నా అది మెరుస్తూనే ఉంటుంది.

మరి అదే ఊళ్లో, అదే పొడిగాలిలో, వానచుక్క పడని పెట్టెలో కత్తికి తుప్పెలా పట్టింది? మంగలికత్తి ఉక్కు తుప్పుకు లోకువ, ఆ మాట నిజమే. వాదర సన్నగా నిలవాలని అందులో కార్బన్ ఒక శాతం చుట్టుపక్కల ఉంచుతారు. తుప్పును ఆపే క్రోమియం ఉండదు. మనం వంటింట్లో వాడే స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం కనీసం పదిన్నర శాతం ఉంటుంది. ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ అలాంటి ఉక్కును చేసింది 1913లో. ఆ తర్వాత కూడా మంగలికత్తులు ఎక్కువగా పాత రకం ఉక్కుతోనే వచ్చాయి, ఎందుకంటే నూరడానికి అది సులువు. అయితే ఉక్కు లోకువైనంత మాత్రాన నీళ్లు లేకుండా తుప్పు రాదు కదా. నీళ్లు ఎక్కడివి?

దీనికి జవాబు కత్తి మీదే రాసి ఉంటుంది. పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, వాదర తగలకుండా, కత్తిని పూర్తిగా తెరిచి వెలుతురులో పెట్టమను. తుప్పు ఎంతుందని చూడకు, ఎక్కడుందని చూడు. మంగలికత్తి మూసినప్పుడు అలుగు రెండు పిడిచెక్కల నడుమకు పోతుంది. తోక మాత్రం బయటికి వంగి ఉంటుంది. ఇప్పుడు తోక మెరుస్తూనో, మహా అయితే కాస్త నల్లబడో ఉండి, చెక్కల నడుమ ఉండే భాగం మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు ఎర్రగా పొక్కులెత్తి ఉందనుకో. రెండింటి నడుమ గీత గీసినట్టు హద్దు కూడా కనిపిస్తే, తుప్పు బయటి గాలి నుంచి రాలేదన్నమాట. బయటి తేమే కారణమైతే ముందు తోకకు, వీపుకు పట్టాలి. ఇక్కడ దాక్కున్న భాగానికే పట్టింది. అక్కడ అలుగుకు తోడుగా ఉన్నది పిడి ఒక్కటే.

నీళ్ల వల్ల వచ్చే తుప్పు తీరే వేరు. గడ్డం గీశాక కత్తిని కడిగి సరిగా తుడవకపోతే నీటిబొట్టు శీల చుట్టూ నిలుస్తుంది. కాబట్టి తుప్పు శీల దగ్గర, అలుగు మెడ దగ్గర మొదలవుతుంది. బొటనవేలు ఆనించే చోట చెమట ఉప్పు వల్ల వేలిముద్రంత మచ్చ పడుతుంది. ఆయుధపూజ నాడు పెట్టిన తడిబొట్టు తుడవకుండా వదిలేస్తే దాని కింద గుండ్రటి మచ్చ రావచ్చు. ఇవన్నీ అక్కడక్కడ పడే మచ్చలు. చెక్కల నడుమ నిలువునా పరుచుకున్న తుప్పు ఇలాంటిది కాదు. కత్తిని బాగా తడిగా మూసి పెట్టేసినా ఇంచుమించు ఇలాగే పట్టవచ్చు, కాబట్టి ఈ ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పకూడదు. పిడిని కూడా అడగాలి.

పిడి దేనితో చేసిందంటావు? పాతకాలంలో ఎనుము కొమ్ముతో, ఎముకతో, డబ్బున్నవాళ్లకు ఏనుగుదంతంతో, తాబేటి డిప్పతో చేసేవారు. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగానికి దంతం కరువైంది. అప్పట్లో దంతం ఎక్కువగా లాగేసిన వాటిలో బిలియర్డ్స్ బంతులొకటి. ఒక ఏనుగు దంతాలకు అయ్యే బంతులు కొన్నే. దంతానికి బదులు ఇంకేదైనా కనిపెట్టినవారికి పదివేల డాలర్లు ఇస్తామని అమెరికాలో ఒక బంతుల కంపెనీ ప్రకటించింది. ఆ పనికి పూనుకున్నవాళ్లలో జాన్ వెస్లీ హయత్ అనే అచ్చు కార్మికుడున్నాడు. ఆయన 1870లో పేటెంటు తీసుకున్న పదార్థమే సెల్యులాయిడ్. అంతకుముందు 1862లో లండన్ ప్రదర్శనలో అలెగ్జాండర్ పార్క్స్ దాదాపు ఇలాంటిదే చూపించాడు గానీ దాన్ని నిలబెట్టలేకపోయాడు. హయత్ చెప్పుకున్న ఒక ముచ్చట ఉంది. ఆయన చేసిన బంతులు గట్టిగా ఢీకొన్నప్పుడు అప్పుడప్పుడు చిన్న టపాసులా పేలేవట. ఆ పేలుడు గుణం ఎక్కడిదో తెలిస్తే నీ కత్తి సంగతి సగం తెలిసినట్టే.

సెల్యులాయిడ్‌కు మూలం దూది. మనం వత్తులు చేసే దూదే. దాన్ని నత్రికామ్లం, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో నానబెడితే నత్రికామ్లం దూది పోగుల్లో అణువణువునా చేరిపోతుంది. కంటికి దూదిలాగే ఉంటుంది, నిప్పు చూపిస్తే మాత్రం భగ్గుమంటుంది. బాగా ఘాటుగా నానబెడితే తుపాకీ దూది అవుతుంది. 1846లో బాజెల్ నగరంలో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త లోకానికి చెప్పింది దీన్నే. కాస్త తక్కువ మోతాదులో నానిన దూదిని సారాయంలో తడిపి, దానికి కర్పూరం కలిపి పిసికితే ముద్దవుతుంది. దాన్ని వేడితో ఒత్తి పలకలు కోస్తారు. రంగులు కలిపితే దంతంలా, తాబేటి డిప్పలా, కొమ్ములా, కావలిస్తే గులాబీ రంగులో కూడా కనిపిస్తుంది. కొమ్ముకంటే చవక, పురుగు కొట్టదు, నీళ్లకు ఉబ్బదు. ఇంకేం, షెఫీల్డులోనూ, జర్మనీలోని జోలింగెన్‌లోనూ కత్తుల వాళ్లు దీన్ని చేతికి తీసుకున్నారు. నీ కత్తి తోక మీద ఆ రెండు ఊళ్లలో ఏదో ఒకటి చెక్కి ఉన్నా ఆశ్చర్యం లేదు. దువ్వెనలు, కళ్లజోళ్లు, బొమ్మలు, హార్మోనియం మెట్లు, సినిమా రీళ్లు అన్నీ దీనితోనే వచ్చాయి. మొన్నమొన్నటిదాకా, అంటే 2014 వరకు, టేబుల్ టెన్నిస్ పోటీల్లో ఆడిన బంతులు కూడా సెల్యులాయిడ్‌వే.

ఇందులో కర్పూరం ఎందుకు? నత్రికామ్లం పట్టిన దూది ఒక్కటే అయితే పెళుసు, వంచితే విరుగుతుంది. దాని పోగుల మధ్య కర్పూరం చేరి, అవి ఒకదాని మీద ఒకటి జారేలా చేస్తుంది. పిడికి మెత్తదనం, సాగే గుణం అక్కడినుంచే. మామూలు పలకలో నాలుగో వంతు దాకా కర్పూరమే.

కర్పూరం బుద్ధి నీకు బాగా తెలుసు. హారతి పళ్లెంలో బిళ్ల పెట్టి వెలిగించడం మరిచిపోతే, కొన్నాళ్లకు పళ్లెం ఖాళీ. కరగలేదు, తడి లేదు, నేరుగా గాలిలో కలిసిపోయింది. పిడిలో ఉన్నదీ అదే కర్పూరం, అదే బుద్ధి. ఏళ్లు గడిచేకొద్దీ పిడి పైపొర నుంచి కొంచెం కొంచెం ఎగిరిపోతూ ఉంటుంది. కర్పూరం పోయిన మేరకు పిడి కుంచించుకుపోతుంది. రెండు వైపులా శీలలు గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి పిడి కుంచించుకోవాలని చూసినా కుదరదు. అందుకని వంకర తిరుగుతుంది, లేదా శీల దగ్గర చీలుతుంది. శీల నుంచి బయలుదేరే సన్నటి చీలిక సెల్యులాయిడ్ ముసలితనానికి మొదటి గుర్తు. ఇంతవరకైతే పెద్ద ప్రమాదం లేదు. కర్పూరం పోయినంత మాత్రాన ఇనుముకు తుప్పు రాదు.

అసలు చిక్కు రెండోదానితో. దూదిలో చేరిన నత్రికామ్లం అక్కడ సుఖంగా ఉండదు. వేడికి, వెలుతురుకు, తేమకు కొంచెం కొంచెంగా విడిపోతూ ఉంటుంది. విడిపోయినది నైట్రోజన్ ఆక్సైడ్ వాయువుగా బయటపడుతుంది. గాలిలో ఏ కాస్త తేమ ఉన్నా దానితో కలిసి మళ్లీ నత్రికామ్లం అవుతుంది. ఈ ఆమ్లం పిడిలోకే తిరిగి దూరి, మిగిలిన దూది బంధాలను ఇంకా వేగంగా తెంచుతుంది. తెగినకొద్దీ ఇంకా వాయువు, ఇంకా ఆమ్లం. అందుకే మంచి పిడి ఎనభై తొంభై ఏళ్లు ఏమీ కానట్టు ఉండి, ఒకసారి మొదలైతే కొద్దికాలంలోనే పొడిపొడి అయిపోగలదు. వేడి పెరిగితే ఈ పని ఇంకా చురుగ్గా సాగుతుంది. రసాయన చర్యలు పది డిగ్రీల వేడికి సుమారు రెండింతలవుతాయని ఒక మోటు లెక్క ఉంది. రేకుల కప్పు కింద, ఇనప్పెట్టెలో మే నెల మధ్యాహ్నం ఎంత వేడుంటుందో నీకు చెప్పాలా. మీ ఊరి పొడి వాతావరణం ఇనుముకు మేలు చేసినా, ఎండాకాలం వేడి పిడికి ఇలా కీడు చేసింది.

ఇప్పుడు కత్తిని మూసి చూడు. పిడిచెక్కకూ అలుగుకూ మధ్య సందు మిల్లీమీటరో రెండో. చెక్కల లోపలి ముఖాల నుంచి వచ్చే వాయువుకు బయటికి దారి తక్కువ. పైగా అది గాలికన్నా బరువు. గుడ్డ, డబ్బా, పెట్టె వరుసగా మూసి ఉన్నాయి. వాయువంతా అలుగు మీదే కూర్చుంటుంది. దాని నుంచి పుట్టే ఆమ్లానికి ఇంకో గుణం ఉంది, గాలిలోని తేమను తనవైపు లాక్కుంటుంది. ఆమ్లం ఇనుమును తిన్నాక మిగిలే లవణం కూడా అంతే. నీళ్లు ఎక్కడివని ఇందాక అడిగాం కదా, ఇక్కడివి. ఊళ్లో గాలి ఎంత పొడిగా ఉన్నా, అలుగు మీద మాత్రం పుల్లటి తడిపొర నిలిచే ఉంటుంది. పొదిలో పెట్టుకుని రోజూ వాడే కత్తికైతే ఇంత కష్టం రాదు. రోజుకు పదిసార్లు తెరుస్తారు, గాలి ఆడుతుంది, తోలుపట్టా మీద ఇటూ అటూ తిప్పుతారు, చివర్లో తుడిచి నూనె రాస్తారు. ప్రేమతో దాచిన కత్తికి ఇవేవీ దక్కవు.

ఆ వాయువు పక్కవాటిని కూడా వదలదు. మదనపల్లె మండీకి వెళ్లే టమాటా క్రేటులో కుళ్లిన కాయ ఒకటుంటే చుట్టూ ఉన్నవాటికి ఎలా అంటుతుందో, ఒకే డబ్బాలో రెండు మూడు కత్తులుంటే అలాగే కొమ్ముపిడి ఉన్న మంచి కత్తి కూడా తుప్పు పడుతుంది. అందువల్ల తుప్పు ఉన్న కత్తే దోషి అని కూడా అనుకోకూడదు. డబ్బాలో ఉన్న ప్రతి పిడినీ చూడాలి.

సినిమా రీళ్లదీ ఇదే కథ. 1950ల మొదటి వరకు పెద్దతెర సినిమాలు దాదాపు అన్నీ నైట్రేట్ ఫిల్ము మీదే, అంటే సెల్యులాయిడ్ ఫిల్ము మీదే తీశారు. 1932లో వచ్చిన మన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి ఇప్పుడు ఎక్కడా దొరకదు. పాత సినిమాలన్నీ కుళ్లే పోయాయనడం తప్పు. కొన్ని తగలబడ్డాయి, కొన్నింటిని ఫిల్ములోని వెండి కోసం కరిగించేశారు. అయినా మూసిన డబ్బాలో చుట్ట చుట్టుకుని తన ఆమ్లంతో తానే జిగురై, గోధుమరంగు పొడి అయిన రీళ్లు తక్కువేం కాదు. పుణె ఫిల్ము ఆర్కైవు వాళ్ల నైట్రేట్ రీళ్లు 2003లో అగ్నికి ఆహుతయ్యాయి. మండే గుణం గురించి చివర్లో మళ్లీ చెబుతాను, మరిచిపోకుండా చదువు.

ఇక నీ పిడి సెల్యులాయిడేనా అని తేల్చుకోవాలి. బొటనవేలితో పిడిని ఒక నిమిషం గట్టిగా రుద్ది, వేడెక్కగానే వాసన చూడు. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్, ఇంకా ఒంట్లో బలం ఉన్న సెల్యులాయిడ్. గంధకం వాసన వస్తే ఎబొనైట్, అంటే గంధకంతో గట్టిపరిచిన రబ్బరు. రాజమండ్రి రత్నం పెన్నులు చేసేది ఆ ఎబొనైట్‌తోనే. నల్లటి ఎబొనైట్ ఎండకు గోధుమరంగుకు తిరుగుతుంది. కార్బాలిక్ సబ్బు లాంటి వాసన వస్తే బేకలైట్. పులిసిన వెనిగర్ వాసన వస్తే సెల్యులాయిడ్‌కు తమ్ముడైన అసిటేట్. కొమ్మయితే వెలుతురుకు పెట్టినప్పుడు అంచుల్లో సన్నటి పోగులు కనిపిస్తాయి, ఒక్కోచోట పురుగు కొరికిన గుంటలు కూడా ఉంటాయి. ఎముకలో సూదితో పొడిచినట్టు నల్లటి చుక్కలుంటాయి. దంతంలా కనిపిస్తున్నా, చారలన్నీ రూళ్లకర్రతో గీసినట్టు సమానంగా ఉంటే అది దంతం కాదు, దంతం వేషం వేసిన సెల్యులాయిడ్. కాల్చిన సూదితో గుచ్చి చూడమని ఎవరైనా సలహా ఇస్తారు. వద్దు. సెల్యులాయిడ్ అయితే అక్కడే అంటుకుంటుంది.

నువ్వు ఘాటు వాసన అన్నావు. అది ముక్కుపుటాలను గుచ్చేలా, పుల్లగా ఉంటే కర్పూరం దశ దాటిపోయిందన్నమాట. మరీ దగ్గరగా పీల్చకు, ఆ వాయువు ఊపిరితిత్తులకు మంచిది కాదు. మిగతా గుర్తులు కంటికే కనపడతాయి. పిడిని కిటికీ ఎదురుగా పట్టుకుంటే, పైన నున్నగా ఉన్నా లోపల పగిలిన మంచుగడ్డలో లాగా చిన్న చిన్న గళ్లు కనిపించవచ్చు. చీలికలు లోపలినుంచి బయటికి వస్తాయి కనుక ఇది తొందరగా దొరికే గుర్తు. కొన్ని పిడులు చెమట పట్టినట్టు జిగురుగా అవుతాయి. అది నీళ్లు కాదు, ఆమ్లం, వేలితో తుడవకు. శీలలు ఇత్తడివి కాబట్టి వాటి చుట్టూ పచ్చగా చిలుము పేరుకుంటుంది. మామూలు నూనె మురికికి కూడా ఇత్తడి కాస్త పచ్చబడుతుంది గానీ, ఆమ్లం వల్ల వచ్చే చిలుము పొక్కులా లేచి, పిడిలోకి పచ్చటి మరక దించుతుంది. చుట్టిన గుడ్డను కూడా పారేసేముందు చూడండి. పిడి తగిలిన చోట మాత్రమే గోధుమరంగుకు తిరిగి, లాగితే చిరిగేలా ఉంటే అది గట్టి సాక్ష్యం.

ఇంకా అనుమానమా? మీ బడి ల్యాబులో నీలి లిట్మస్ కాగితం ఉంటుంది. చిన్న ముక్కను శుద్ధమైన నీళ్లతో తడిపి, పట్టకారుతో పట్టుకుని, పిడి లోపలి అంచుకు ఆనించమని మీ సైన్సు మాస్టారును అడుగు. ఎర్రబడితే ఆమ్లం పైకి వచ్చేసినట్టే. ఎర్రబడకపోతే ఇంకా రాలేదని మాత్రమే అర్థం.

సెల్యులాయిడ్ పిడుల్లో తాబేటి డిప్ప రంగువి, తేనెరంగులో వెలుతురు దూరేవి ముందుగా పాడవుతాయి. దంతంలా తెల్లగా, మందంగా ఉండేవి ఎక్కువకాలం నిలుస్తాయి. తెల్లరంగు కోసం కలిపిన జింక్ ఆక్సైడ్ ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తుంది కాబట్టి. పిడి చేసినవాడు అందం కోసం వేసినది ఆయుష్షుగా పనికొచ్చింది.

ఇంతకూ అలుగు బాగుపడుతుందా? తుప్పు ఎంత లోతుకు దిగిందన్నదాన్ని బట్టి చెప్పాలి. ఎర్రగా, పొడిలా రాలేది పైపై తుప్పు. వెదురుపుల్లతో గీకినా లేస్తుంది. నల్లగా, నున్నగా ఉన్నది ఉక్కు మీద పట్టిన పాతపొర, దానివల్ల హాని లేదు, ఉండనివ్వవచ్చు. భయపడాల్సింది గుంటలకు. తుప్పు తీశాక సూదిమొన అంత నల్లచుక్కలు మిగిలి, గోరుతో రాస్తే గరుకుగా తగిలితే అవి గుంటలు. వీపు మీద, అలుగు మధ్యలో ఉంటే చూడ్డానికే లోపం. వాదరకు ఆనుకుని ఉంటే మాత్రం ఆ కత్తికి మళ్లీ పదును రాదు. నూరినకొద్దీ వాదర వెనక్కి జరిగి గుంటలోకి దిగుతుంది, దిగిన చోటల్లా రంపంలా విరుగుతుంది. ఏ సాన మీద పట్టినా అంతే.

ఇప్పుడు చేయాల్సిన పనుల్లో మొదటిది విడదీయడం. అలుగును ఎంత తోమినా, నూనె రాసినా, తిరిగి అదే పిడిలో మూస్తే మళ్లీ పడుతుంది. శీల తలను ఆకురాయితో చేత్తోనే మెల్లగా అరగదీస్తే పిడి ఊడివస్తుంది. మెషినుతో అరగదీయించకండి, రాపిడి వేడికి పిడి రాజుకుంటుంది. ఊడిన అలుగును వంటసోడా కలిపిన నీళ్లలో కడిగితే మిగిలిన ఆమ్లం విరుగుతుంది. వెంటనే పొడిగుడ్డతో తుడిచి, ఎండలో కాసేపు ఉంచి, కుట్టుమిషను నూనె పట్టించి ఒక రాత్రి వదలండి. మర్నాడు సన్నటి ఇనుప పీచుతో, వీపు నుంచి వాదర వైపుకే తప్ప ఎదురు తోమకుండా రుద్దితే పైతుప్పు పోతుంది. ఇత్తడి చెంబులకు అలవాటు కొద్దీ ఎవరైనా చింతపండు తెస్తారు. తుప్పును చింతపండు తీస్తుంది, నిజమే. ఉక్కును కూడా కాస్త తిని, తడి ఆరకముందే కొత్త తుప్పుకు చోటిస్తుంది. ఇప్పటిదాకా ఒక ఆమ్లంతో బాధపడిన అలుగుకు ఇంకో ఆమ్లం ఎందుకు?

చేయి తెగితే తుప్పు వల్ల ధనుర్వాతం వస్తుందని మీ ఇంట్లో భయపడతారు. ధనుర్వాతం తెచ్చేది తుప్పు కాదు, మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి. పాత ఇనుము మట్టిలో పడి ఉంటుంది కాబట్టి ఆ పేరు తుప్పుకు వచ్చింది. అయినా తెగితే సూది వేయించుకోవాల్సిందే. ఇక గడ్డం గీయడానికి ఈ కత్తి వద్దు. గుంటల్లో చేరిన మురికిని ఎలా కడిగినా పోగొట్టలేం. తిరుమల కల్యాణకట్టలో కూడా ఇప్పుడు వాడేవి బ్లేడు మార్చే కత్తులే.

కొత్త పిడి వేయించాలనుకుంటే ఎనుము కొమ్ము మంచిది. ఊడిన పాత పిడిని ఏం చేయాలన్నది జాగ్రత్తగా విను. పొయ్యిలో వేయకూడదు. సెల్యులాయిడ్‌లో మండడానికి కావలసిన ఆక్సిజన్ దాని ఒంట్లోనే ఉంది, అందుకే నైట్రేట్ ఫిల్ము అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. చిన్న పిడి ముక్కయినా చేయి తీసుకునేలోపు మంట మొహానికి వస్తుంది, వచ్చే పొగ విషం. జ్ఞాపకంగా ఉంచుకోవాలంటే, ముందు ఒక ఫొటో తీసి పెట్టుకుని, పిడిని మూత లేని అట్టపెట్టెలో, నీడపట్టున, గాలి ఆడేచోట, దీపానికీ పొయ్యికీ ఇనుప వస్తువులకూ దూరంగా పెట్టండి. జిగురు కారుతూ, పొడిగా రాలుతూ ఉంటే ఉంచుకోవద్దు. నీళ్లలో తడిపి ఉంచి, పారేసేముందు దగ్గర్లోని ఫైర్ స్టేషను వాళ్లనడిగితే ఏం చేయాలో చెబుతారు.

కత్తి చుట్టిన గుడ్డ, రేకు డబ్బా కూడా ఆమ్లం పీల్చి ఉంటాయి, వాటిలో మళ్లీ ఏదీ దాచకండి. ఆ ఇనప్పెట్టెను ఒకరోజంతా తెరిచి ఉంచి, మీ జేజినాయనవి ఇంకేమున్నాయో తీసి చూడు. పాత దువ్వెన, కళ్లజోడు, సబ్బుపెట్టె లాంటివి కనిపిస్తే ఒక్కోదాన్నీ బొటనవేలితో రుద్ది వాసన చూడు. కళ్లజోడు ఉంటే ముందు దాన్నే చూడు, చెవికొమ్మలు మడిచే బందుల దగ్గర చిలుము పట్టిందేమో.